తలుపు ఫారం, ఇస్త్రీ ఫారం

మా లైబ్రరీలో బానిసల మీద రాసిన చారిత్రక నవల ఒకటుంది. ఎర్ర గుడ్డ అట్ట, ఇరవై రెండు ఫారాలు, నా చేతి కుట్టు. వెనక అట్ట లోపల ‘యువ పాఠకుల తొలి అభిప్రాయం’ అని గడులు గీసిన చీటీ ఒకటి అతికించి ఉంటుంది. అందులో మొదటి గడి నాది. ఆ గడిలో ఉన్నవి రెండే మాటలు: ఏమీ అనిపించలేదు.

నా తర్వాత రాసిన వాళ్ళంతా బాగా ఏడ్చారు. ఒకమ్మాయికి రెండు రోజులు తిండి సయించలేదట. ఒకబ్బాయి మానవత్వం గురించి మొదలుపెట్టి, గడి చాలక పక్క గడిలోకి కూడా చొరబడ్డాడు. వాళ్ళందరి నెత్తిన నా రెండు మాటలు మొండికేసి కూర్చున్నాయి. లైబ్రరీ మేడమ్ కనిపించినప్పుడల్లా, పోనీ మార్చి రాయకూడదా అంటుంది. తొలి అభిప్రాయం అడిగారు, చెప్పాను. రెండోది రాయడానికి ఆ చీటీలో చోటు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. పెద్దమ్మ బైండింగ్ షాపులో పని చేసేదాన్ని. పెద్దమ్మంటే మా అమ్మకి తోడబుట్టిన అక్క. కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో పదమూడు చెక్క మెట్లు. ఆరేళ్ళప్పుడు ఆ మెట్ల మీద గెంతుతుంటే పెదనాన్న నాకు పిచిక అని పేరు పెట్టాడు. ఆయన పోయి నాలుగేళ్ళయినా పేరు మాత్రం పోలేదు.

పాత పుస్తకాన్ని బాగు చేయాలంటే ముందు దాన్ని పూర్తిగా పాడు చేయాలి. అట్ట ఊడబీకాలి, వెన్ను మీద ఎండిన జిగురు గీకాలి, దారాలు తెంపాలి. అప్పుడు పుస్తకం ఫారాలుగా విడిపోతుంది. పదహారు పేజీల మడత ఒక ఫారం. ప్రతి ఫారానికీ మొదటి పేజీ అడుగున చీమ తలకాయంత నంబరు ఉంటుంది. ఆ నంబర్లు చూసి వరస పేర్చుకుని, చిరుగులకి పల్చటి కాగితం అంటించి, మళ్ళీ కుట్టాలి. లోపల ఏముందో మాకనవసరం. చదవడం మొదలుపెడితే పని సాగదని పెదనాన్న నియమం. మొహం చూడకే పిచికా, పాదం చూడు, అనేవాడు. అలా పాదాలే చూస్తూ పన్నెండేళ్ళలో కొన్ని వేల పుస్తకాలు నా చేతుల మీదుగా వెళ్ళిపోయాయి. ఒక్కటీ చదవలేదు. మిఠాయి కొట్టువాడు తీపి ముట్టడంటారే, అదే బాపతు.

పన్నెండేళ్ళని ఎందుకంటున్నానంటే, నన్ను ఆరేళ్ళప్పుడు ఇచ్చేశారు. మనవాళ్ళు పిల్లనిచ్చారంటే పెళ్ళి చేశారని అర్థం. నన్ను పెళ్ళి లేకుండానే ఇచ్చేశారు. నాన్న పోయాడు, అమ్మ నూలు మిల్లులో పనికి కుదిరింది, ముగ్గురు పిల్లలం, మధ్యదాన్ని నేను. పెద్దమ్మకి పిల్లల్లేరు. కొన్నాళ్ళు ఉంచుకో అక్కా అని అమ్మ నన్ను తీసుకొచ్చి దింపింది. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో ఎవరూ అనుకున్నట్టు లేదు.

పెద్దమ్మ నన్ను చెడ్డగా చూసిందని ఎవరైనా అంటే ఊరుకోను. వచ్చిన కొత్తలో కాగితపు దుమ్ము పడక నాకు ఒకటే దగ్గు. రెండేళ్ళ పాటు వదల్లేదు. వేడినీళ్ళ గిన్నె ముందు కూర్చోబెట్టి, తనూ నాతో పాటే దుప్పటి కప్పుకుని, చెమటలు కారుతూ ఆవిరి పట్టించేది. స్కూలుకి పంపింది. పదో తరగతి అయ్యాక ఇక చాలంది, నాకూ చాలనిపించింది. ఎవరైనా పిల్ల పనికి కుదిరిందా అని అడిగితే మాత్రం ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చేది. పనిమనిషేమిటి, మా ఇంట్లో మనిషి, అనేది. పొద్దున ఆరింటికి షాపు ఊడవడం, జిగురు కాచడం, మధ్యాహ్నం వంట, సాయంత్రం దాకా కుట్టు, ఇవన్నీ ఇంట్లో మనిషి చేసే పనులే కాబట్టి నాకూ తేడా తెలిసేది కాదు.

ఆవిడకి ఇంకొక మాట అలవాటు. ఎవరూ అడక్కుండానే, సూదిలో దారం ఎక్కిస్తూనో, గిన్నె దింపుతూనో, ఉన్నట్టుండి అనేది: “మీ అమ్మ నీ గురించి అడగనైనా అడగలేదు.” మొదట్లో ఆ మాటకి ఎక్కడో కలుక్కుమనేది. తర్వాత తర్వాత అదీ పోయింది. కుట్టుపనిలో చూపుడు వేలు చివర కాయ కాస్తుంది. ఆ తర్వాత సూది దిగినా నెప్పి తెలియదు, రక్తం కాగితానికి అంటాకే తెలుస్తుంది. నా సంగతీ అంతే.

ఆ సోమవారం పొద్దున షాపు ఫోన్ మోగింది. పెద్దమ్మ ఎత్తింది. చివరిదాకా వింది. తర్వాత నా వైపు చూడకుండా, “పిచికా, మీ అన్నయ్య,” అని ఇచ్చింది. అన్నయ్య ఏడాదికి ఒకసారి చేస్తాడు, బాగున్నావా అంటాడు, పెట్టేస్తాడు. ఈసారి బాగున్నావా అనలేదు. అమ్మ ఆసుపత్రిలో ఉందన్నాడు. ఊపిరితిత్తులు. మిల్లులో దూది దుమ్ము. ఆదివారం దాటడం కష్టమని డాక్టరు చెప్పాడట. వస్తావా అని అడిగాడు.

పని ఉంది, చూస్తాను, అన్నాను.

నిజంగానే చూస్తాననుకున్నాను. బస్సులో ఐదు గంటల ప్రయాణం, అదేమంత దూరం కాదు. కానీ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నా గురించి అడగని మనిషి మంచం పక్కన నిలబడి ఏం మాట్లాడాలో తెలియలేదు. అటు ఫోన్ పెట్టేసిన చప్పుడయింది. పెద్దమ్మని అడిగితే, నీ ఇష్టం, అంది. అంతకు ముందు ఆవిడ నా ఇష్టం అడిగింది ఒకే ఒకసారి, కర్టెన్ గుడ్డ కొన్నప్పుడు.

అదే రోజు మధ్యాహ్నం లైబ్రరీ మేడమ్ ఈ నవలని ఒక అట్టపెట్టెలో తెచ్చింది. పెట్టె ఎందుకంటే, అది పుస్తకంగా మిగల్లేదు. బీరువాలోకి నీళ్ళు కారి పేజీల అడుగంచు పుచ్చిపోయిందట. పుచ్చు కోసేస్తే మిగతాదైనా దక్కుతుందని, మేడమ్ స్వయంగా కత్తెర పట్టుకుని ప్రతి ఫారానికీ అడుగున రెండు వేళ్ళ మేర కోసేసింది. ప్రేమతోనే చేసింది. దాంతో పేజీల నంబర్లూ పోయాయి, ఫారం నంబర్లూ పోయాయి. ఆపైన రిక్షాలో పెట్టె బోర్లాపడి వరస కూడా పోయింది. ఇంకో కాపీ ఎక్కడా దొరకదంది. ఆదివారం లోపు అయితే మంచిదంది. ఎవరికి చూసినా ఆదివారమే కావలసి వచ్చింది.

పాదాలు లేని పుస్తకాన్ని మొహం చూసే పేర్చాలి. ఒక ఫారం చివర తెగిన వాక్యం ఏ ఫారం మొదట్లో అతుక్కుంటుందో చూసుకుంటూ పోవాలి. అంటే చదవాలి. మేడమ్‌కి ఆ మాట చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది. అయితే తొలి పాఠకురాలివి నువ్వేనంటూ సంచీలోంచి ఆ గడుల చీటీ తీసి ఇచ్చింది. చదవగానే ఏమనిపిస్తే అది రాయమంది, ఆలోచించి రాయొద్దంది.

అలా నేను చదివిన మొట్టమొదటి నవలని మధ్య నుంచి మొదలుపెట్టాను. చేతికందిన మొదటి ఫారంలో సంత జరుగుతోంది. ఓడ దిగిన మనుషుల్ని గట్టు మీద నిలబెట్టి, కొనేవాళ్ళు నోళ్ళు తెరిపించి పళ్ళు చూస్తున్నారు. నాలుకతో నా పళ్ళు తడుముకున్నాను. కింద కుడివైపు ఒకటి పుచ్చింది. నన్నయితే కాస్త తక్కువకి అమ్మేవాళ్ళు అనుకున్నాను. అంతే. జాలి రాలేదు, కోపం రాలేదు. తెగిన వాక్యం ‘ఆమె రెండు చేతులూ’ దగ్గర ఆగింది. ‘ముందుకు చాపి నిలబడింది’ అని మొదలయ్యే ఫారం కోసం వెతికాను. దొరికింది. దాని పక్కన పెట్టాను.

కథ ఒక తల్లీ కూతుళ్ళది. చెరకు తోటల్లో పని. కూతుర్ని ఏడేళ్ళప్పుడు పట్నంలో ఒక దొరల ఇంటికి అమ్మేస్తారు. నాకు మాత్రం ఆ పిల్ల ముందు దొరసాని గౌన్లు ఇస్త్రీ చేస్తూ కనిపించింది, తర్వాత అమ్ముడుపోయింది, బుధవారానికి గానీ పుట్టలేదు. ఆ పిల్లకి మూడు పేర్లు. అమ్మ పెట్టినది ఒకటి, తోట యజమాని పెట్టినది ఒకటి, పట్నంలో దొరసాని పెట్టినది ఒకటి. పేరు మారినప్పుడల్లా కథలో ఎవరూ నొచ్చుకోలేదు. నాకయితే ఆ పేర్లు వరస తెలుసుకోవడానికి పనికొచ్చాయి. ఏ పేరుతో పిలుస్తున్నారో చూసి ఫారాల్ని మూడు కట్టలు చేశాను.

తోటలో ఉన్న ఆస్తుల జాబితా ఒక పేజీ నిండా ఉంది. రెండు గాడిదలు, వాటి కింద ఒక ఆడమనిషి, ఆమె కింద ఒక నాగలి. ఆ పేజీకి మూలన చిరుగుంటే అంటించాను. నాగలి మీద అక్షరం మరుగున పడకుండా కాగితం అతికించడానికి పది నిమిషాలు పట్టింది. పని బాగా కుదిరింది.

అమ్మేసే రోజు పొద్దున తల్లి కూతురికి తల దువ్వుతుంది. కనుబొమలు పైకి లేచేంత గట్టిగా జడ వేస్తుంది. ఏడుస్తుందేమో అని చూశాను. ఏడవలేదు. రాసే వాళ్ళ చేతిలో పని కదా, ఏడిపించొచ్చు. ఏడిపించలేదు. బండి కదిలాక వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పిల్ల ఆ జడని పదకొండు రోజులు విప్పలేదట. అక్కడ ఒక్క క్షణం ఆగాను, మా అమ్మ నన్ను దింపిన రోజు నా తల దువ్విందా అని గుర్తు చేసుకోవడానికి. గుర్తు రాలేదు. మళ్ళీ పనిలో పడ్డాను.

చదువుతున్నంతసేపూ పెద్దమ్మ ఎదురుగా కూర్చుని స్కూలు పుస్తకాలు కుడుతోంది. ఆవిడ కూడబలుక్కుని చదవగలదు గానీ ఓపిక తక్కువ. ఊరికే చూసే బదులు పైకి చదువు, నాకూ పొద్దుపోతుంది, అంది. సోమవారం నుంచీ ఆవిడకి నిమిషం స్థిమితం లేదు. ఉన్న దారాన్నే మళ్ళీ చుడుతుంది, మూసిన తలుపు మళ్ళీ మూస్తుంది. అన్నయ్య ఫోన్ గురించి మాత్రం ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. మంగళవారమంతా పైకి చదివాను. బుధవారం కూడా. సంత దగ్గర ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకే ఏమీ కాకపోవడం నాకే వింతగా ఉంది. బుధవారం మధ్యాహ్నానికి ఇరవై రెండు ఫారాలూ చదవడం అయింది. చీటీ తీసి మొదటి గడిలో రాశాను: ఏమీ అనిపించలేదు. ఉన్నమాటే రాశాను.

ఇక్కడొక మాట చెప్పకపోతే తప్పవుతుంది. నేను బానిసని కాను. నా పళ్ళు ఎవరూ చూడలేదు, నా వీపు మీద వాతలు లేవు, నేను వెళ్తానంటే తలుపుకి తాళం వేసేవాళ్ళు లేరు. తన కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎక్కడెక్కడి వాళ్ళ కష్టాలూ తనవేనని చెప్పుకునే మనుషులంటే నాకు చిరాకు. అందుకే ఆ నవల్లో ఒక వాక్యం దగ్గర నాకు చెమట పట్టినా, గాలి ఆడటం లేదని ఫ్యాన్ వేసుకున్నాను.

ఆ వాక్యం ఉన్నది ఇస్త్రీ ఫారంలో. ఆ పేరు నేను పెట్టుకున్నదే. ఎందుకంటే గురువారానికి ఇరవై ఫారాలు వరసలో కూర్చున్నాయి, రెండు మిగిలాయి. అవి పదిహేనూ పదహారూ అని తెలుసు. ఏది ముందో ఏది వెనకో తెలియదు. మామూలుగా ఫారం చివర వాక్యం తెగుతుంది. ఈ రెండూ మాత్రం కొత్త అధ్యాయంతో మొదలై, అధ్యాయం పూర్తయి ఆగుతాయి. అధ్యాయాలకి నంబర్లూ లేవు, అతుకు ఎక్కడా లేదు. నూటికో కోటికో ఒకసారి అలా కుదురుతుంది, అది నా నెత్తిన కుదిరింది.

ఒకటి తలుపు ఫారం. తల్లి మూడు రోజులు నడిచి పట్నం వస్తుంది. దొరల ఇంటి పెరటి తలుపు దగ్గర నిలబడి కూతుర్ని చూపించమంటుంది. నీ కూతురిప్పుడు ఇక్కడ లేదు, వేరే ఇంటికి పంపేశాం, అంటుంది దొరసాని. కూతురు ఆ సమయంలో మేడ మీదే ఉంటుంది. తల్లి వచ్చిన దారినే వెళ్ళిపోతుంది.

రెండోది ఇస్త్రీ ఫారం. పిల్ల గౌను ఇస్త్రీ చేస్తుంటే దొరసాని వచ్చి ఆమె తల నిమిరి అంటుంది: మీ అమ్మ నీ గురించి ఒక్కసారైనా అడగలేదు, నువ్విప్పుడు బానిసవి కాదు, మా ఇంట్లో మనిషివి. పిల్ల తల ఎత్తకుండా కాలర్ మడత మీద ఇస్త్రీ పెట్టె జరుపుతుంది.

రెండిట్లోనూ వాన కురుస్తోంది. రెండిట్లోనూ పిల్లకి మూడో పేరే. వయసు ఎక్కడా రాయలేదు. గంటసేపు చూసి, ఇస్త్రీ ఫారం ముందు పెట్టాను, తలుపు ఫారం తర్వాత. అలా అయితే తల్లి అడగలేదని దొరసాని చెప్పేనాటికి అది నిజమే. తల్లి వచ్చింది తర్వాతే కదా. ఆవిడ ఆడిన అబద్ధం తలుపు దగ్గర ఒక్కటే అవుతుంది. ఎందుకో ఆవిడ మీద ఒక్క అబద్ధానికి మించి వేయాలనిపించలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, కుట్టబోయే ముందు వరస సరిచూసుకోవడానికి ఆ రెండు ఫారాలనీ పెద్దమ్మకి మళ్ళీ చదివి వినిపించాను. మొదటిసారి చదివినప్పుడు అవి వేరే వేరే చోట్ల వచ్చాయి కాబట్టి ఆవిడకి పట్టి ఉండదు. ఈసారి వెంట వెంటనే విన్నది. ఇస్త్రీ ఫారం అయింది. తలుపు ఫారం అయింది. తల్లి వెళ్ళిపోయింది. తలెత్తి చూస్తే పెద్దమ్మ సూది కాగితంలో సగం దిగి ఆగిపోయి ఉంది.

“అలా కాదు,” అంది. “తల్లి వచ్చి వెళ్ళాకే ఆవిడ ఆ మాట అంటుంది.”

రెండిటికీ అతుకు లేదని, ఎలాగైనా పెట్టొచ్చని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఈ పుస్తకం నువ్వు చదివావా అని అడిగాను. నేనెక్కడ చదివానంది. మరి నీకెలా తెలుసన్నాను.

“అసలు రాని మనిషి గురించి అడగలేదని చెప్పాల్సిన పనేముందే? వచ్చి అడిగి పోతేనే ఆ మాట అనాల్సొస్తుంది.”

అనేసి, సూది పూర్తిగా లాగింది. దారం బిగించింది. ఆ తర్వాతే తను ఏమన్నదో ఆవిడకి అర్థమైంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మీ అమ్మ నీ గురించి అడగనైనా అడగలేదు. ఆ మాట మొదటిసారి ఎప్పుడు విన్నానో వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాను, తెగిన వాక్యాలు వెతికినట్టే. వచ్చిన మొదటి ఏడు ఆ మాట లేదు. రెండో ఏడు వానల్లో, నాకు జ్వరం తగ్గి లేచిన రోజు, పెద్దమ్మ నాకు నీలం స్వెటర్ తొడుగుతూ అంది. అంతకు ముందు ఎప్పుడూ అనలేదు.

“అమ్మ ఎప్పుడొచ్చింది పెద్దమ్మా?”

రెండో ఏడు, వానాకాలం, అని చెప్పింది. షాపు వెనక తలుపు దగ్గర నిలబడిందట, తడిసి. లోపలికి రమ్మంటే కాళ్ళకి బురదుంది, కాగితాలు పాడవుతాయంది. పిల్లని తీసుకెళ్తానంది. నేను పైన పడుకుని ఉన్నాను. పెదనాన్నతో ఊరెళ్ళానని, పది రోజుల దాకా రానని పెద్దమ్మ చెప్పింది. పెదనాన్న అప్పుడు జిగురు కొనడానికి వెళ్ళి ఉన్నాడు. ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదట.

“మళ్ళీ వస్తే పంపేద్దామనే అనుకున్నా,” అంది. ఒళ్ళో దారం ముక్కలు దులుపుకుంటూ, “రాలేదు కదా,” అంది, తప్పంతా ఆ రాకపోవడానిదే అన్నట్టు.

నాకు ఏడుపు రాలేదు. అరవాలనీ అనిపించలేదు. బల్ల మీది దొంతరలోంచి ఇస్త్రీ ఫారం తీసి తలుపు ఫారం కింద పెట్టాను. అప్పుడు నేను చేసిన పని అదొక్కటే. దొరసాని ఖాతాలో రెండో అబద్ధం కూడా పడింది. పుస్తకం సరిపోయింది. అంచులు సమం చేసి, కుట్టు తిరిగొచ్చాక చూసుకుందామని మీద ఇటుక బరువు పెట్టి, చేతులు కడుక్కుని పైకెళ్ళి సంచీ సర్దుకున్నాను. రెండు జతలు, దువ్వెన, సబ్బు. ఎన్నాళ్ళకి సర్దుకోవాలో తెలియక ఎక్కువ పెట్టుకోలేదు.

శుక్రవారం పొద్దున మెట్లు దిగేసరికి పెద్దమ్మ అడుగు మెట్టు దగ్గర నిలబడి ఉంది. దారిలో తినడానికి ఏదో పొట్లం కట్టి ఇచ్చింది. వద్దనలేదు, తీసుకున్నాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది:

“మీ అమ్మకి చెప్పు. ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావని, నేనే అబద్ధం చెప్పానని.”

సరేనన్నాను. బస్సులో ఐదు గంటలూ ఆ వాక్యాన్నే మోసుకెళ్ళాను. ఎలా చెప్పాలి, ముందు చెప్పాలా, చివర చెప్పాలా. కిటికీ పక్క సీటే దొరికింది, బయట ఏం కనిపించిందో మాత్రం గుర్తు లేదు.

అన్నయ్య ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. ఆడవాళ్ళ వార్డులో చివరి నుంచి మూడో మంచం అని చూపించాడు. మంచం మీద మనిషి ఇంతే ఉంది. పెద్దమ్మ ముక్కు, పెద్దమ్మ నుదురు, వాటి మధ్య ఎవరో కొత్త మనిషి. స్టూలు లాక్కుని కూర్చున్నాను. కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఎవరో చెప్పనవసరం లేకపోయింది. ఊపిరి కూడదీసుకుని ఒక్క మాట అడిగింది.

“దగ్గు తగ్గిందా?”

దగ్గుతున్నది తను. ఆ దగ్గుతోనే మంచాన పడింది. నన్నడుగుతోంది. నాకు దగ్గు ఉండేదని ఈవిడకి ఎలా తెలుసో ముందు అర్థం కాలేదు. అది పెద్దమ్మ ఇంటికి వెళ్ళాక పట్టుకున్న దగ్గు.

“ఎప్పుడో తగ్గింది,” అన్నాను. ఇక ఆగలేక, బస్సులో మోసుకొచ్చిన వాక్యం దించేశాను. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నానని, పెద్దమ్మ అబద్ధం చెప్పిందని, చెప్పమందని.

“తెలుసు,” అంది అమ్మ. “పైన దగ్గావు కదా. రెండుసార్లు.”

వార్డులో ఎవరో రేడియో తగ్గించమని ఎవరితోనో అంటున్నారు. తెలిసి కూడా ఎందుకు వెళ్ళిపోయావని అడిగాను. నా గొంతు మామూలుగానే ఉంది. అమ్మ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్ళు తాగింది.

“అక్క పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు. నీ కోసం ఆడింది. వద్దనుకున్న పిల్ల కోసం ఎవరైనా అబద్ధం ఆడతారా? బాగానే చూసుకుంటోందిలే అనుకుని వచ్చేశా.”

అక్కచెల్లెళ్ళంటే అక్కచెల్లెళ్ళే. ఒకావిడ అబద్ధం ఎలా పుడుతుందో చెప్పింది, ఇంకొకావిడ అదే అబద్ధం లోపల ఏముందో చెప్పింది. ఇద్దరి లెక్కా తప్పు కాదు. ఇద్దరూ నన్ను వద్దనుకోలేదు. ఆ మాట తెలిస్తే ఏదో అయిపోతుందనుకుంటాం. నాకేం కాలేదు, కాసేపటి వరకూ.

తర్వాత, స్టూలు మీద అలా కూర్చుని ఉండగా, కోపం వచ్చింది. కాలు తిమ్మిరెక్కి వదిలేటప్పుడు సూదులు గుచ్చినట్టు ఉంటుందే, అలా అడుగు నుంచి మొదలైంది. అమ్మ నా గురించి అడగలేదన్నది అబద్ధం. అడిగింది. పెద్దమ్మని అడిగింది. పెద్దమ్మ జవాబు చెప్పింది. పదమూడు మెట్ల కింద వెనక తలుపు దగ్గర నిలబడి ఇద్దరూ నా సంగతి తేల్చేసుకున్నారు. మెట్ల పైన నేనున్నాను, మెలకువగానే ఉన్నాను, దగ్గుతున్నాను. ఆ నవల్లో అన్ని సంతల్లోనూ అన్ని గుమ్మాల దగ్గరా మనుషుల గురించి అందరూ మాట్లాడుకుంటారు, ఆ మనుషుల్ని మాత్రం ఎవరూ అడగరు. ఇరవై రెండు ఫారాలు పైకి చదివి నాకు తగలనిది ఆ మంచం పక్కన తగిలింది.

“నన్ను అడగాల్సింది,” అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. తప్పించుకోవడానికేమీ వెతకలేదు.

“అవును,” అంది. కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. మళ్ళీ తెరిచింది.

“ఇప్పుడు అడుగుతున్నా. ఉంటావా?”

ఉన్నాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ, అంటే తొమ్మిది రోజులు.